బజారుకు తెలియని నీలం చుక్క

జూన్ 9, సోమవారం

మూడో కారు కూడా పోయింది. పాల బూత్ ఎదురింటి వాళ్లది. బీరంగూడలో మా ఒక్క వీధిలోనే నెల తిరగకుండా మూడు. పొద్దున ఆ ఇంటావిడ గేటు పట్టుకుని ఏడుస్తుంటే పదిమందిమి చుట్టూ నిలబడి చూశాం. అంతకంటే ఏం చేస్తాం?

సాయంత్రం పటాన్‌చెరు దుకాణం మూసి వచ్చిన ఈయన చెప్పులు విడవకముందే మొదలుపెట్టారు.

"ప్రభా, మన బండి అమ్మేద్దాం. ఎవడో ఎత్తుకపొయ్యినంక నెత్తి కొట్టుకునుడు ఎందుకు?"

"దొంగలొస్తున్నరని ఇల్లు గూడ అమ్ముకుంటరా?"

"ఇంటికి చక్రాలున్నయా?"

ముప్పై ఏళ్లుగా పప్పుల హోల్‌సేల్ చేస్తున్న మనిషి. బేరంలో ఆయన్ను గెలవడం నావల్ల కాదు.

జూన్ 10

నాకోసమే రాసుకుంటున్నాను కాబట్టి నిజమే రాస్తాను. కారు మీద నాకేం మమకారం లేదు. అదొక రేకు డబ్బా. నాకు కావలసింది కొల్లూరు పోయి రావడం.

జాకెట్లు నేను ఇక్కడ కత్తిరిస్తాను. కొల్లూరు డబుల్ బెడ్‌రూం కాలనీలో రాజవ్వ, ఇంకో నలుగురు కుడతారు. వారానికి మూడుసార్లు మూటలు ఇచ్చి రావాలి, కుట్టినవి తేవాలి. అది ఆటోల్లో అయ్యే పని కాదు. నలభై ఆరేళ్లకు స్టీరింగ్ పట్టుకుని, ఆరు నెలలు గోడలకు రాసి, ఈమధ్యే రివర్స్ కుదురుగా వస్తోంది. కారు అమ్మితే మళ్లీ దుకాణంలో గల్లా వెనక కుర్చీయే గతి. ఇరవై రెండేళ్లు కూర్చున్నాను అందులో. ఇక కూర్చోను.

ఈయనతో ఒప్పందం చేసుకున్నాను. బండికి కాపలా ఏర్పాటు నేను చేస్తాను. శ్రావణం వెళ్లేదాకా చూసి, భయం తీరకపోతే అప్పుడు అమ్ముదాం. "సరే, చూద్దాం" అన్నారు. ఆ సరేలో అమ్మకమే వినిపించింది నాకు.

జూన్ 12

ఆటో ఎలక్ట్రీషియన్ నరసరాజు దగ్గరికి వెళ్లాను. జీపీఎస్ పెట్టాలి, దొంగకు కనపడకూడదు అన్నాను.

"అమ్మా, దాసిపెట్టుడు తర్వాతి ముచ్చట. ముందుగాల కరెంటు సంగతి చెప్పు. అది తినే తిండి ఎక్కడికెల్లి రావాలె?"

బండి బ్యాటరీకి వైరు కలిపేవి కొన్ని ఉన్నాయట. సొంత బ్యాటరీతో నడిచేవి కొన్ని. వైరుదానికి మనం చార్జింగ్ పెట్టే బాధ లేదు. కానీ దొంగ బానెట్ ఎత్తి బ్యాటరీ వైరు పీకేస్తే, లోపలి చిన్న సెల్లు మీద నాలుగైదు గంటలు నడిచి ఆగిపోతుంది. రెండోదాన్ని ఎక్కడైనా దాచవచ్చు, కానీ గుర్తుపెట్టుకుని చార్జింగ్ పెట్టాలి.

"నీకు యాది ఉంటదా?" అన్నాడు.

ఎందుకులే అని వైరుదే పెట్టమన్నాను. ఉన్నవాటిలో చవకది చూపించాను. నరసరాజు తల గోక్కుంటూ ఏదో చెప్పబోయాడు గానీ, నేను వినకుండా వచ్చేశాను.

జూన్ 14

బిగించాడు. డాష్‌బోర్డు వెనక, వైర్ల గుంపులో ఇంకో వైరు. నా ఫోన్లో నీలం చుక్క. ఇంట్లో కూర్చుని చూస్తే నా కారు నా ఫోన్లో ఉంది. ప్రాణం లేచొచ్చింది.

జూన్ 27

రేపు మా వర్తక సంఘం వాళ్లతో కాశీ ప్రయాణం. పది రోజులు. ఆషాఢం కదా, పెళ్లిళ్లు లేవు, జాకెట్లూ లేవు. కారు అపార్ట్‌మెంట్ సెల్లార్లో పెట్టి కవరు కప్పాను.

జూలై 9

స్టార్ట్ కాలేదు. తాళం తిప్పితే టిక్కుమని కూడా అనలేదు. ఈయన పక్కనే నిలబడి చేతులు కట్టుకుని చూశారు. ఆ చూపు కంటే తిట్టినా బాగుండేది.

నరసరాజు వచ్చి చూసి నవ్వాడు. "సెల్లార్ల సిగ్నల్ దొర్కదు గదమ్మా. పది దినాలు సిగ్నల్ కోసం ఎతుక్కుంట ఎతుక్కుంట బండి బ్యాటరీ మొత్తం తాగేసింది. మంచిదైతే బండి ఆగంగనే పండుకుంటది. దీనికి పండుకునుడు తెల్వదు."

"ముందే చెప్పొద్దా?"

"నువ్వు చెప్పనిస్తివా?"

నిజమే. చెప్పనివ్వలేదు. ఆ వైరుదాన్ని అప్పుడే పీకించేశాను.

జూలై 12

ఈయనే ఒకటి తెచ్చారు! అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. వైర్లు కొయ్యనక్కర్లేదట. స్టీరింగ్ కింద మెకానిక్కులు కంప్యూటర్ తగిలించి చూసే సాకెట్ ఉంటుంది కదా, అందులో గుచ్చితే అయిపోయింది. బండి ఆగితే అదీ పడుకుంటుంది. పీకేసినా లోపలి చిన్న సెల్లు మీద కొన్ని గంటలు నడుస్తుందట. ఈ చుక్క ఆయన ఫోన్లో కనపడుతుంది.

"నీ కోసమే తెచ్చిన" అన్నారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. అమ్ముదామన్న మనిషి కాపలా కొనుక్కొచ్చారు. రాత్రి పాయసం చేశాను.

జూలై 13, ఆదివారం

పాయసం వెనక్కి తీసుకునే వీలుంటే తీసుకునేదాన్ని.

పొద్దున దుకాణానికి టిఫిన్ డబ్బా తీసుకుపోయాను. కందిపప్పు కోసం వచ్చిన వాళ్లెవరికో చెబుతున్నారు. "స్టీరింగ్ కిందికెల్లి చెయ్యి పెడితే తగుల్తది సూడు, గక్కడ్నే! ఎవడన్న కనిపెడ్తడా?" హమాలీలకు చెప్పారు. బ్యాంకు ఆయనకు చెప్పారు. అంతటితో ఆగితే బాగుండు. మా సంఘం వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టారు. ఎక్కడ గుచ్చారో తెలియాలని ఎర్ర బాణం గుర్తు కూడా గీశారు. రెండు వందల మంది ఉన్నారు ఆ గ్రూపులో. బొటనవేళ్లు, దండాలు, "సూపర్ బద్రీ అన్నా" అని మెచ్చుకోళ్లు.

"దాసినదాన్ని దండోరా ఏస్తరా ఎవరన్న?" అన్నాను.

"మనోళ్లే గద ప్రభా. అందరికి పనికొస్తదని చెప్పిన."

మంచి మనిషి. చెడ్డవాడైతే తిట్టి ఊరుకునేదాన్ని. ఈయనకు కొత్త వస్తువు వస్తే, అది నలుగురికీ చెప్పందే సొంతమైనట్టుండదు. మా పెళ్లైన కొత్తలో నా గొలుసు ఎన్ని తులాలో కూడా ఇలాగే బజారంతా చెప్పారు.

జూలై 16

నరసరాజుకు ఫోన్ చేశాను. సొంత బ్యాటరీది ఒకటి కావాలి, మంచిదే కావాలి, మా ఆయనకు తెలియకూడదు అన్నాను.

"సావుకారుకు ఎందుకమ్మా తెల్వద్దు?"

"సావుకారుకు తెలిస్తె నీకు నేను చెప్పాల్సిన పని లేకపొయ్యేది. బజార్ల నువ్వే వింటుంటివి."

చాలాసేపు నవ్వాడు.

జూలై 18

వచ్చింది. సబ్బు బిళ్లంత ఉంది. ఎక్కడ దాచాలన్నది ఇప్పుడు నా పని. డిక్కీలో స్టెప్నీ కింద పెట్టి చూశాను, చుట్టూ ఇనుమే, చుక్క మాయమైంది. ముందు అద్దం కింద వద్దన్నాడు నరసరాజు, ఎండకు బ్యాటరీ ఉబ్బుతుందట. వెనక సీటు హెడ్‌రెస్ట్ పట్టుకు చూశాను. బట్ట, స్పాంజి. కుట్లు విప్పాను, స్పాంజి కోసి గూడు చేశాను, పెట్టాను, మళ్లీ అదే రంగు దారంతో కుట్టేశాను. నా చేతి కుట్టు కంపెనీ కుట్టులో కలిసిపోయింది. రెండు వందల జాకెట్లకు ఏనాడూ ఇంత శ్రద్ధ పెట్టలేదు.

మామూలుగా వాడితే మూడు నెలలు వస్తుందట చార్జింగ్. బండి కదిలితే అదే మేలుకుంటుంది. మనం ఊరికే యాప్ తెరిచి లైవ్‌లో చూస్తుంటే మాత్రం తొందరగా దిగిపోతుందని రెండుసార్లు చెప్పాడు.

నూరు శాతం.

జూలై 19

97. ఒక్కసారే చూశాను.

మూడుసార్లు.

జూలై 22

కొల్లూరు పోయి వచ్చాక యాప్ తెరిస్తే, నేను పోయిన దారంతా గీత గీసి ఉంది. మా ఇంటి నుంచి ముత్తంగి, అక్కడ రింగు రోడ్డు పక్క సర్వీసు రోడ్డు, రాజవ్వ వాళ్ల బ్లాకు. తిరిగి ఇంకో గీత. వెలిమెల వైపు దారి తప్పి వెనక్కి తిరిగిన చోట చిన్న వంపు కూడా ఉంది. చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. ఇరవై రెండేళ్లు నేను ఎక్కడికి పోయినా ఎవరో తీసుకుపోయినదే. ఈ గీత మాత్రం నేను నడిపి గీసింది.

88.

జూలై 27

71. చూడకూడదు. అవసరమైతేనే చూడాలి.

ఇవాళ అవసరమైంది. కారు పెట్టిన చోటే ఉందో లేదో చూడాలనిపించింది. ఉంది. సెల్లార్లో సిగ్నల్ దొరకదని ఈమధ్య బయట మెట్ల పక్కనే పెడుతున్నాను, అందుకే మరీ భయం.

ఆగస్టు 1

శ్రావణ శుక్రవారం. జాకెట్ల గిరాకీ ఊపిరి తిప్పుకోనివ్వడం లేదు. నరసరాజు ఫోన్ చేశాడు.

"చార్జింగ్ ఎంతుంది అమ్మా?"

"ఎనభై ఉన్నట్టుంది."

48 ఉంది. అతనికెందుకు అబద్ధం చెప్పానో నాకే తెలియదు.

ఆగస్టు 5

30. రేపు కుట్లు విప్పి చార్జింగ్ పెడతాను.

ఆగస్టు 6

వరలక్ష్మీ వ్రతానికి డెబ్బై జాకెట్లు ఇవ్వాలి. రేపు.

ఆగస్టు 7

రేపు.

ఆగస్టు 9

వ్రతం బాగా జరిగింది. 19. రేపు తప్పకుండా.

ఆగస్టు 11

ఇవాళ అసలు చూడలేదు. 14.

ఆగస్టు 13, బుధవారం

ముందు ఈ ముక్క రాసుకుంటాను. దొరికింది. కారు దొరికింది.

ఇప్పుడు మొదటి నుంచి రాస్తాను.

సదాశివపేట సావుకార్ల ఇంటి పెళ్లి, ఇస్నాపూర్ దాటాక హైవే మీద ఉన్న ఫంక్షన్ హాల్లో. పదకొండున్నర ముహూర్తం. నేను నడుపుతానంటే ఈయన ఒప్పుకోలేదు. "పెండ్లిల అందరి ముంగట నువ్వు నడిపితె నేను పక్కకు కూసుంటనా?" సరేనని తాళం ఇచ్చాను. హాలు ముందు నన్ను దింపారు. నేను లోపలికి పోయాను. అప్పుడే టోపీ పెట్టుకుని, మెడలో ఈల వేసుకున్న నడివయసు మనిషి ఒకడు పరుగెత్తుకొచ్చి, "సావుకారు, తాళం ఇయ్యుండ్రి, పార్కింగ్ నేను చేస్త" అన్నాడట. ఇచ్చేశారు. వాడు చీటీ కూడా రాసిచ్చాడు, నంబరు ఇరవై ఏడు.

భోజనాలయ్యాక చీటీ పట్టుకుని బయట తిరిగితే, ఆ హాల్లో తాళాలు తీసుకునే మనిషే లేడన్నారు. బండి గేటు దాటి పావుగంటే అయిందట.

ఈయన మొహం పిండిలా తెల్లబోయింది. అయినా ఫోన్ తీశారు. "పరేషాన్ గాకు ప్రభా! మిషన్ ఉంది గద. ఇగో, సూడు, సదాశివపేట దిక్కు పోతుండు." మా మరిది అమర్ కారెక్కి ఇద్దరూ వెంటపడి పోయారు. పోతూ పోతూ అద్దం దించి, "గందుకే అమ్మేద్దామన్న" అన్నారు. ఆ మాటకు నాకు మండింది. తాళం ఇచ్చింది ఎవరు?

నేను ఒక్కదాన్నే ఒక స్తంభం చాటుకు పోయి యాప్ తెరిచాను.

9.

చుక్క సదాశివపేట వైపు లేదు. ముత్తంగి దగ్గర తిరిగి సర్వీసు రోడ్డు పట్టింది. నేను కొల్లూరు పోయే దారే! చుక్క కదులుతుంటే ఏ గుంత దగ్గర నెమ్మదిస్తుందో నాకు తెలుసు, నిజంగా అక్కడే నెమ్మదించింది. 8. కొల్లూరు దాటింది. 7. వెలిమెల దగ్గర, కొత్త విల్లాలు కడుతున్న వైపు తిరిగి ఆగింది. 6. చూపు మరలడం లేదు. చూస్తున్న కొద్దీ అయిపోతోంది. ఇన్నాళ్లు ఏం చేశానో అప్పుడు తెలిసొచ్చింది. చార్జింగ్ అయిపోతే, అది దొంగ చేసిన పని కాదు, నేను చేసిన పని. అరగంటకు ఒకసారి మాత్రమే చెప్పమని మార్చి, యాప్ మూసేసి, ఫోన్ పర్సులో వేసి జిప్పు లాగేశాను.

మళ్లీ తీయాల్సి వచ్చింది, ఈయనకు ఫోన్ చేయడానికి.

"మీరు ఎనకకు రండ్రి. బండి గట్ల పోలె. వెలిమెల దిక్కు పోయింది."

"నీకెట్ల తెల్సు?"

"నేను ఇంకొకటి పెట్టిన."

"ఇంకొకటేంది? ఎక్కడ పెట్టినవ్? నాకెందుకు చెప్పలె?"

"మీకు చెప్తె గ్రూపుల పెడ్తరు గద, బాణం గుర్తు గీసి!"

అవతల అమర్ దగ్గినట్టు నవ్వు ఆపుకోవడం వినపడింది. ఈయన చాలా మెల్లగా, "మేము ఉల్లిగడ్డల లారీ ఎనక ఉన్నం" అన్నారు. వాడు సాకెట్‌లోది పీకి, పక్కన పోతున్న లారీ బస్తాల మీద పారేశాడన్నమాట.

ఆటో పట్టుకుని పోలీస్ స్టేషన్‌కు పోయాను. హెడ్ కానిస్టేబుల్ పెద్దరాములు గారట, మీసాలు నెరిసిన మనిషి, అంతా విని చెయ్యి చాపారు.

"ఏది, ఫోన్ చూపియ్యమ్మా."

"చూపియ్య సార్."

"ఏంది?"

"చూస్తె సచ్చిపోతది సార్."

"ఏం సచ్చిపోతది?"

"దాని చార్జింగ్. ఆరే ఉంది. నేనే చూసి చూసి ఖతం చేసిన. తెల్ల కాగితం ఇయ్యుండ్రి, దారి గీసిస్త."

ఆయన నా మొహంలోకి ఒకసారి చూసి కాగితం, పెన్ను తోశారు. గీశాను. ముత్తంగి, సర్వీసు రోడ్డు, గుంత, కొల్లూరు కాలనీ, వెలిమెల, విల్లాల సందు, నేను దారి తప్పి బండి తిప్పుకున్న నీళ్ల ట్యాంకు, దాని ఎదుట నీలం రేకుల ప్రహరీ. ఎక్కడా చెయ్యి ఆగలేదు. ఆయన ఎస్సై గారికి చూపించారు, జీపు తీశారు. నన్ను వెనక కూర్చోమన్నారు.

జీపులో కూర్చున్నంత సేపు ఫోన్ చూడకుండా ఉండటం కంటే కష్టమైన పని నా జీవితంలో చేయలేదు. కాన్పు కూడా ఇంతకంటే తేలిక. పర్సు ఒళ్లో పెట్టుకుని రెండు చేతులూ దాని మీద వేసుకున్నాను. జీపు కొల్లూరు దాటుతుంటే టింగుమంది. తీశాను. అదే చోటు. 4.

"గక్కడ్నే ఉంది సార్" అన్నాను.

రేకుల వెనకే ఉంది. ముందు నంబరు ప్లేటు విప్పేశారు, వెనకది విప్పుతున్నారు. టోపీ మనిషి రేకుల మీదుగా దూకబోయి ప్యాంటు చిరిగి చిక్కుకుపోయాడు. ఈల ఇంకా మెడలోనే ఉంది. రెండోవాణ్ని కానిస్టేబుల్ పట్టుకున్నాడు.

నేను వాళ్లను చూడలేదు. వెనక తలుపు తీసి హెడ్‌రెస్ట్ మీద చెయ్యి వేశాను. కుట్టు కుట్టులా ఉంది. అక్కడే, అందరి ముందు, భోరున ఏడ్చాను. మమకారం లేదని రాసుకున్నానే, అబద్ధం. ఎంత ఉందో నాకే తెలియదు.

"దొరికింది గదమ్మా, ఇంకెందుకు ఏడుస్తున్నవ్?" అన్నారు పెద్దరాములు గారు.

"దొరికిందనే సార్" అన్నాను.

ఆగస్టు 14

హాయిగా పది గంటలు నిద్రపోయాను.

ఆగస్టు 18

కోర్టు కాగితం వచ్చేదాకా బండి స్టేషన్‌లోనే ఉంటుందట. ఉండనీ, అంతకంటే భద్రమైన చోటు లేదు. రాజవ్వ ఇద్దరు ఆడవాళ్లను వెంటబెట్టుకుని బస్సులో వచ్చి మూటలు తీసుకుపోయింది. "నీ బండి వచ్చేదాంక మేమే వస్తం అక్కా, నువ్వు రంది పెట్టుకోకు" అంది.

ఈయన ఆరోజు నుంచి అమ్మకం ఊసు ఎత్తలేదు. అసలు కారు ఊసే ఎత్తలేదు. నాకదీ భయంగానే ఉంది.

ఆగస్టు 25, సోమవారం

ఇవాళ ఇచ్చారు. ఆర్సీ ఈయన పేరు మీద ఉంది కాబట్టి ఆయనే సంతకం పెట్టాలి. పెట్టారు. పెద్దరాములు గారు డ్రాయరులోంచి తాళం తీసి ఆయన ముందుకు చాపారు.

ఈయన తీసుకోలేదు.

"ఆమెకియ్యుండ్రి సార్. నేను పేరుకే ఓనర్ని. బండి ఆమెది."

స్టేషన్లో నలుగురు విన్నారు. పెద్దరాములు గారు తాళం నా చేతిలో పెట్టారు. గుప్పిట్లో పట్టుకుని ముందుగా నేనే బయటికి నడిచాను.

బయటికొచ్చి ఈయన తనంతట తానే ఎడమవైపు తలుపు తీసుకుని కూర్చున్నారు. కుట్టాల్సిన మూట ఒకటి ఉంది, కొల్లూరు పోవాలి అన్నాను. "పోదాం పా" అన్నారు. పటాన్‌చెరు బజారు మధ్యలోంచి, మా దుకాణం ముందు నుంచే తీసుకుపోయాను. హమాలీలు చూశారు. పక్క దుకాణం వాళ్లు చూశారు. ఈయన కిటికీ దించి అందరికీ చెయ్యి ఊపారు. తల దించుకుంటారేమో అనుకున్నాను, దించుకోలేదు, నాకెంత బాగా అనిపించిందో చెప్పలేను.

బజారు దాటాక అడిగారు.

"చార్జింగ్ పెట్టినవా?"

"ఫుల్లు పెట్టిన. స్టేషన్ల ఉన్నప్పుడే పెద్దరాములు సార్‌ను అడిగి తీస్కపోయిన. పొద్దుగాల్నే వచ్చి మళ్ల పెట్టేసిన, కొత్త జాగల."

"ఎక్కడ పె..." అని ఆగిపోయారు. అరచేయి తన నోటికి అడ్డం పెట్టుకున్నారు. "వద్దు వద్దు, నాకు చెప్పకు ప్రభా! రేపు దుకాణం తెరుస్తనే చెప్పేస్త."

నవ్వు ఆగలేదు. ఆయనా నవ్వారు. ఆ నవ్వుల్లో ముత్తంగి దగ్గర తిరగాల్సిన మలుపు దాటిపోయింది. ఇస్నాపూర్ దాకా పోయి, అక్కడ యూటర్న్ తీసుకుని వచ్చాం.